రెండో బ్రేకు

రోడ్డు మీద ఎవరినీ తిట్టకూడదు, పేరు పెట్టాలి అని మా నాన్న నాకు నేర్పాడు. తిడితే మన రక్తం మరుగుతుంది తప్ప అవతలివాడికి వినపడదు. పేరు పెడితే కాస్త నవ్వొస్తుంది, ఆ నవ్వుతో ఇంకో మైలు లాగించొచ్చు. బస్సు నడిపినంతకాలం ఆయన అలాగే నెట్టుకొచ్చాడు. ఆయన పెట్టిన పేర్లే నేనూ వాడుకుంటున్నాను. వెనక బంపరుకి అతుక్కుని వచ్చేవాడు తోకరాయుడు. రోడ్డు మధ్యలో అందరినీ వెనకేసుకుని తాపీగా సాగేవాడు పెళ్ళికొడుకు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో దువ్వెన, మోకాలితో స్టీరింగు, నోటితో పక్కవాడితో తగాదా పెట్టుకునేవాడు అష్టావధాని. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ దారిస్తూ, పచ్చ లైటు వెలిగి ఆరిపోయినా కదలని మహానుభావుడు ధర్మాత్ముడు.

ఈ మధ్య నాకు నవ్వు రావడం మానేసింది. పేర్లు మాత్రం అలవాటు కొద్దీ నోటికి వస్తున్నాయి.

నేను డ్రైవింగ్ స్కూల్లో టీచర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరి పక్కన కూర్చుని, వాళ్ళు గుద్దబోయిన వాళ్ళందరినీ కాపాడడం నా ఉద్యోగం. మా కారులో నేర్చుకునేవాళ్ళ వైపు ఉన్నట్టే నా వైపూ ఒక బ్రేకు ఉంటుంది. రెండూ ఒకే తీగకి కట్టినవి. నేను నాది తొక్కితే వాళ్ళ కాలి దగ్గరది కూడా దానంతటదే కిందకి దిగుతుంది. ఆ రెండో బ్రేకు మీద నా పాదం గాల్లో నిలబడి ఉండాలి. ఆనించకూడదు, తీసెయ్యకూడదు. రోజంతా అలా ఉంటే సాయంత్రానికి మోకాలు బూరెలా ఉబ్బుతుంది. టీవీలో ఏదైనా కారు జోరుగా వచ్చినా నా పాదం గచ్చుని తొక్కుతుంది. “నిద్దట్లో కూడా బ్రేకులేస్తున్నావ్, దుప్పటంతా నీ కాళ్ళ కిందకే పోతోంది” అని మా ఆయన సణుగుతాడు.

మా స్కూల్లో ఒక పద్ధతి ఉంది. అది నాతోనే వచ్చింది. ఫలానా మనిషికి చెయ్యి తిరిగింది, ఇక భయం లేదు అని నాకు గట్టిగా అనిపించిన రోజున, చెప్పులు విప్పేసి కాళ్ళు రెండూ సీటు మీదకి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. నోటితో ఏమీ అనను. “ఇవాళ టీచరమ్మ కాళ్ళు ముడిచింది” అని వాళ్ళు ఇంటికి ఫోన్లు చేసుకుంటారు. లైసెన్సు చేతికొచ్చిన రోజు కూడా అంత సంబరపడరు.

ఆ పద్ధతి నిజానికి మా నాన్నది. నాకు డ్రైవింగ్ నేర్పినప్పుడు ఆయన కారులో రెండో బ్రేకు లేదు. ఉన్నదల్లా ఆయన నోరు. కొన్ని వారాల పాటు ఆ నోటితోనే నన్ను ఆపుతూ వచ్చాడు. ఒక రోజు కూరగాయల మార్కెట్టు ముందు, అటు బండి, ఇటు మనిషి, నాకు ముచ్చెమటలు పోస్తున్నాయి. ఆయన ఉన్నట్టుండి మాట్లాడడం మానేశాడు. బూట్లు విప్పాడు. కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కిటికీలోంచి వంకాయల వైపు చూడడం మొదలుపెట్టాడు.

“ఏంటి నాన్నా?” అన్నాను హడలిపోయి.

“నాకు పనేం లేదుగా ఇక్కడ” అన్నాడు.

అంతకన్నా గొప్ప సర్టిఫికెట్ నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఇక అసలు సంగతి. మొన్న మధ్యాహ్నం, బడులు వదిలే వేళకి, నా పక్కన ఒక నర్సు ఉంది. చాలా మంచిమనిషి. కరెంటు స్తంభానికి దగ్గరగా వెళ్ళినా దానికి కూడా సారీ చెబుతుంది. నాలుగురోడ్ల దగ్గర ఎర్ర లైటు పడితే ఆవిడ బుద్ధిగా గీత వెనకే ఆపింది. పక్క వరసలోంచి ఒక బూడిదరంగు కారు ఆగకుండా ముందుకి వెళ్ళిపోయింది. పోనీ జోరుగా వెళ్ళిందా అంటే అదీ లేదు. వరండాలో పచార్లు చేసినట్టు నింపాదిగా వెళ్ళింది. రోడ్డు దాటుతున్న ఒకావిడ తన చేతిలోని పిల్లబండిని చటుక్కున వెనక్కి లాక్కుంది. పక్కనుంచి వస్తున్న లారీ గోలగోలగా హారన్ కొట్టి కీచుమని ఆగింది. ఆ బూడిదరంగు కారు అవతలికి చేరాక, అప్పుడు తీరిగ్గా బ్రేకు లైట్లు వెలిగించింది.

“చూశారా, ఇలాంటివాళ్ళ పేరు గాల్లో దీపం” అన్నాను నర్సుతో. “వీళ్ళకి పొగరూ ఉండదు, తొందరా ఉండదు. వీళ్ళు అసలు ఇక్కడ ఉండరు. కనపడితే ఆమడ దూరంలో ఉండండి.”

“అయ్యో, వెనక సీట్లో పాప ఉంది మేడమ్” అంది ఆవిడ.

వెనక అద్దంలోంచి ఒక పాప నా వైపు రెండు చేతులూ ఊపుతోంది. మా కారు నెత్తిన ఉన్న స్కూలు బోర్డుని ఎంత దూరం నుంచైనా పోల్చుకోగలిగే పిల్ల ఈ ఊళ్ళో ఒక్కతే ఉంది. మా బుడ్డది. ఆ కారు మా నాన్నది.

నేనూ చెయ్యి ఊపాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. “సారీ మేడమ్” అంది నర్సు, ఎందుకో ఆవిడకీ తెలియదు.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి వచ్చేశాడు. మా ఆయనది బేకరీ ఉద్యోగం, తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. నాకేమో పొద్దున్నే మొదటి క్లాసు. బుడ్డదాన్ని బడికి దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం నాన్న వంతు. వంతు అన్నది మా మాట. ఆయనకి అది ఉద్యోగం. దానికోసమే పొద్దున లేచి గడ్డం గీసుకుంటాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు, ఎందుకూ పనికిరాని పెన్నొకటి జేబులో పెట్టుకుంటాడు. దింపి వచ్చాక తాళాలు మేకుకి తగిలించి, “మొదటి ట్రిప్పు అయింది” అని ఖాళీ ఇంటికి చెబుతాడు. మధ్యాహ్నం ట్రిప్పు దాకా ఆ మేకు వైపు చూస్తూ కూర్చుంటాడు.

ఆ సాయంత్రం నేను బుడ్డదానికి జడలు విప్పుతూ మెల్లిగా కదిపాను. “తాతయ్య బాగా నడుపుతాడా?”

“ఓ, బాగా నడుపుతాడు” అంది. “ఒక్కోసారి లైటు మర్చిపోతాడంతే. నేను వెనకనుంచి ‘తాతయ్యా, ఎరుపు’ అంటా. అప్పుడు ఆపుతాడు. ఇవాళ నేను బొమ్మ గీసుకుంటున్నా కదా, చూళ్ళేదు.”

దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది. నేను జీతం తీసుకుని చేసే పని మా బుడ్డది ఊరికే చేస్తోంది.

వంటింట్లో మా ఆయనా నేనూ గొంతు తగ్గించి పోట్లాడుకున్నాం. ముందుగదిలో నాన్న వార్తలు వింటున్నాడు.

“మామయ్యకి ఎవరో ఒకరు చెప్పాలి కదా” అన్నాడు మా ఆయన.

“ఎవరో ఒకరు అంటే నేనేగా.”

“నేను చెబితే అల్లుడు మాట అన్నాడని అవుతుంది. నువ్వు చెబితే కూతురు కోప్పడిందని అవుతుంది. రెండోదే నయం.”

“చెబితే ఆయన ఏమైపోతాడో ఆలోచించావా? ఆ తాళాలు లేకపోతే మంచం దిగడు.”

“చెప్పకపోతే బుడ్డది ఏమైపోతుందో ఆలోచించావా?” అన్నాడు. ఆ తర్వాత ఇద్దరమూ గిన్నెలు తోముతూ ఉండిపోయాం.

నిజం చెప్పాలంటే నా బాధ ఆయన గురించి ఒక్కటే కాదు. నాకు ఓపిక లేదు. రోజంతా కొత్తవాళ్ళతో వేగి, ఇంటికొచ్చి మా నాన్నకి కూడా “మీకు రాదు” అని చెప్పాలా? ఆ తర్వాత బడి ట్రిప్పులు రెండూ ఎవరి నెత్తిన పడతాయి? ఆ మధ్యాహ్నం నేను చూసింది ఒక్కసారి జరిగిన పొరపాటైతే బాగుండును అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు సెలవు. కాఫీ ఇచ్చి, “నాన్నా, మా స్కూలు కారుకి క్లచ్చి మార్చారు. ఒకసారి నడిపి చూసి ఎలా ఉందో చెబుతావా?” అన్నాను.

ఆయన కాఫీ ఊదుకుంటూ నన్ను చూశాడు. “పరీక్ష క్లచ్చికా, నాకా?”

నేను చక్కెర డబ్బా మూత బిగించాను.

“నిన్న నేనూ నీ కారుని చూశాను. నేను దాటింది పసుపులో.”

“ఎరుపు నాన్నా.”

“బండి ముందు సగం దాటేటప్పటికి పసుపే.”

“అప్పటికి ఎరుపు పడి చాలాసేపైంది. నేను ఆగి ఉన్నాను కదా.”

కాఫీ పూర్తిగా తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. “సరే, పద. బడి దాకా వెళ్దాం. నువ్వు కాళ్ళు ముడుచుకుని కూర్చో. అక్కడిదాకా అలాగే కూర్చోగలిగితే బుడ్డదాని డ్రైవర్ని నేనే, ఇంక ఈ ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. కాలు దింపావా, తాళాలు నీవి.”

“దింపను” అన్నాను. అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను.

గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చాడు. కారెక్కి సీటు ముందుకి జరుపుకున్నాడు. అద్దాన్ని రుమాలుతో తుడిచాడు, స్టీరింగుని తుడిచాడు. బెల్టు పెట్టుకున్నావా అని నన్నే అడిగాడు. నేను చెప్పులు విప్పి బాసింపట్టు వేసుకున్నాను. మోకాలు కలుక్కుమంది.

బండి కదిలిన తీరు చూసి నాకు సిగ్గేసింది. గేర్లు ఎప్పుడు మారుతున్నాయో తెలియడం లేదు. మా స్కూలు కారు నా దగ్గర ఇలా ఏనాడూ నడవలేదు. మొదటి మలుపు దగ్గర ఒక బైకు అడ్డం వస్తే ముందే పసిగట్టి దారిచ్చాడు. రెండో వీధిలో వెనకనుంచి ఎవడో హారన్ మోగించాడు.

“తోకరాయుడు తగులుకున్నాడు” అన్నాడు నాన్న అద్దంలోకి చూసి. “పోనీలే పాపం, ఇంట్లో ఆవిడ తిట్టి ఉంటుంది.” పక్కకి జరిగి వాణ్ణి పోనిచ్చాడు. నాలుగురోడ్ల దగ్గర ఎర్ర లైటుకి గీత వెనక బండి ఆపి, నా వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. నేను నవ్వాను.

ఎన్నాళ్ళకో నా పాదానికి పని లేకుండా పోయింది. కిటికీలోంచి ఎండ ఒళ్ళో పడుతోంది. మెడ వెనక్కి వాల్చాను. ఒకరి పక్కన కూర్చుని భయపడకుండా ఉండడం ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. ఆయన గెలుస్తాడు, ఇంటికెళ్ళి మా ఆయనకి నేనే గట్టిగా చెబుతాను, బుడ్డదాని బొమ్మల పుస్తకం ఒకటి కారులోంచి తీసెయ్యమంటే సరిపోతుంది అని మనసులో అన్నీ సర్దేసుకున్నాను.

బడి వీధిలోకి తిరిగాం. సెలవు కదా, వీధి ఖాళీగా ఉంది. ఆగి ఉన్న రెండు వ్యానుల మధ్యనుంచి ఒక పెయింటరు భుజం మీద పొడవాటి నిచ్చెనతో రోడ్డు మీదకి వచ్చాడు. అంత నిచ్చెన కనపడకపోవడమనేది ఉండదు. సగం వీధి అదే ఉంది. నాన్న సూటిగా అటే చూస్తున్నాడు. చూస్తూనే, బస్సు రోజుల్లో ఒక కండక్టరు చిల్లర బదులు పిప్పరమెంట్లు పంచిన సంగతి చెబుతున్నాడు. నేను ఆ కథ వింటూ, ఇప్పుడు బ్రేకు వేస్తాడు అనుకున్నాను. ఇదిగో ఇప్పుడు వేస్తాడు అనుకున్నాను. పెయింటరు నడుస్తున్నాడు, కథ నడుస్తోంది, కారు నడుస్తోంది.

కాలు ఎప్పుడు విప్పానో నాకు తెలియదు. పాదం కిందకి పోయి తొక్కేసింది. కారు ఒక్క కుదుపుతో ఆగింది, ఇంజను కూడా ఆగిపోయింది. నిచ్చెన కొస అద్దానికి బెత్తెడు దూరంలో ఊగుతోంది.

పెయింటరు ముఖం తెల్లబడిపోయింది. “ఏం పెద్దాయనా, నిచ్చెన కంటికి ఆనలేదా? రేపు మేడ అడ్డం పెట్టుకుని రానా?” అన్నాడు. నిచ్చెన సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను గబగబా కాలు పైకి లాక్కుని మళ్ళీ ముడుచుకున్నాను. నాన్న ముందుకే చూస్తున్నాడు, నా వైపు చూడలేదు. చూసి ఉండడు అనుకున్నాను.

“భలే ఆపావు నాన్నా” అన్నాను.

ఆయన ఇంజను మళ్ళీ స్టార్టు చేశాడు. బడి గేటు దాకా వెళ్ళి, పేవ్‌మెంటు పక్కన ఒక్క ఊపులో, గీత గీసినట్టు బండి పెట్టాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నా కాలు వెళ్ళేసరికి పెడల్ కిందే ఉంది” అన్నాడు.

“ఏంటి నాన్నా?”

“వేద్దామనే కాలు తీశాను. వెళ్ళేసరికి పెడల్ ఉండాల్సిన చోట లేదు. అప్పటికే దిగిపోయి ఉంది.”

“లేదు నాన్నా, కొత్త క్లచ్చి కదా, దానివల్ల...”

“బస్సు తోలిన కాలు అమ్మా ఇది. అబద్ధం చెప్పాలనుకుంటే నాకు చెప్పు. నా కాలికి చెప్పకు.”

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామని చూశాను, కుదరలేదు. ఎన్ని వందల మందికి నవ్వుతూ తప్పులు చెప్పానో. ఈ ఒక్క మనిషి ముందు మాత్రం నోరు పెగల్లేదు.

ఆయన నా వైపు తిరగలేదు. తాళం వేసి ఉన్న గేటుని చూస్తూ అడిగాడు. “బాగా ఆలస్యమా?”

“బాగా.”

“నువ్వు తొక్కకపోతే?”

“తగిలేది నాన్నా.”

తల ఊపాడు. “బుడ్డది వెనకనుంచి నాకు లైట్లు చెబుతుంది. నీకు తెలుసా?”

“నిన్న చెప్పింది.”

“అది ఆటనుకుంటోంది. నేనూ ఆటేలే అనుకున్నాను.” జేబులోని పెన్ను సర్దుకుని, “ఆట కాదని నాకెప్పుడో తెలుసనుకో” అన్నాడు.

తన కారు తాళాలు జేబులోంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు. అవి ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉన్నాయి. వద్దు నాన్నా అని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. తాళాలు గుప్పిట్లో పెట్టుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

“రేపట్నుంచి బుడ్డదీ నేనూ సిటీ బస్సులో పోతాం” అన్నాడు కారు దిగుతూ. “డ్రైవరు వెనక సీటు పట్టుకుంటాం. దానికి పేర్లు పెట్టడం నేర్పాలి. నువ్వేమీ నేర్పినట్టు లేవు.”

ఇద్దరం సీట్లు మారాం. నేను స్టీరింగు ముందుకి వచ్చాను. ఆయన నా సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకుని వంగి చూశాడు.

“రోజంతా దీని మీదేనా నీ కాలు?”

“దీని మీద కాదు, పైన. ఆనించకూడదు.”

“అందుకా మోకాలు అలా ఉబ్బుతోంది” అన్నాడు. “వాతం అనుకున్నాను.”

బండి తీశాను. బడి వీధి మలుపులో పక్కనుంచి వస్తున్న స్కూటరుని ఆలస్యంగా చూసి గట్టిగా ఆపాను. తర్వాతి గేరు సరిగ్గా పడక గరగరమంది. ఇంత అధ్వాన్నంగా మొదటి వారం నేర్చుకునేవాళ్ళు కూడా నడపరు. పక్కన రెండో బ్రేకు ఉంది. దాని ముందు నిన్నటిదాకా ఎప్పుడేం తొక్కాలో అన్నీ తెలిసిన మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన నన్ను ఆపుతాడేమోనని ఎదురుచూశాను. ఆపితే బాగుండునని కూడా అనిపించింది.

నాలుగురోడ్ల దగ్గర ఎర్ర లైటు పడింది, ఆగాను. పక్కన ఏదో చప్పుడు. నాన్న వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. ఒక బూటు తీసి పక్కన పెట్టాడు. రెండోదీ తీశాడు. ఒక కాలిని రెండు చేతులతో ఎత్తి సీటు మీద పెట్టుకున్నాడు. అది ముడుచుకోనని మొరాయించింది. పళ్ళు బిగబట్టి లోపలికి లాక్కున్నాడు. ఆయాసపడుతూ రెండో కాలు ఎత్తాడు.

“ఏంటి నాన్నా ఇది, మోకాళ్ళు విరగ్గొట్టుకుంటావా?”

ఆయన సర్దుకుని కూర్చుని, కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు.

“నాకు పనేం లేదుగా ఇక్కడ” అన్నాడు.

పచ్చ లైటు పడింది. నాకు ఎదురుగా రోడ్డంతా నీళ్ళు నిండినట్టు మసకగా ఉంది. కదలలేకపోయాను. వెనక హారన్లు మొదలయ్యాయి. నాన్న బయటికి చూస్తూనే ఉన్నాడు. నేను కళ్ళు తుడుచుకుని, గేరు వేసి, ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాను.